గొంగళిపురుగుకు ఏ పేరు పెట్టాలి?

కృత్రిమ మేధ గురించి వ్యాసం రాయమంటే మేమంతా ఒకేలా రాస్తాం. మొదట లాభాలు, తర్వాత నష్టాలు, చివర "మంచికి వాడుకుంటే మంచిది". పోయినసారి నేనూ అట్లాగే రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఈసారి ఒక సినిమా గురించి రాస్తున్నాను. ఎందుకంటే నా పాత వ్యాసంలో లేని మనిషి ఒకామె ఇందులో ఉంది.

సినిమా పేరు 'హ్యూమన్స్ ఇన్ ద లూప్'. తీసినవారు అరణ్య సహాయ్. గంటంబావు మాత్రమే ఉంటుంది. మాటలు హిందీలోనూ కురుఖ్‌లోనూ ఉంటాయి. కురుఖ్ అంటే జార్ఖండ్‌లో ఓరాఁవ్ ఆదివాసుల భాష. వింటే మనకు ఒక్క ముక్క అర్థం కాదు గానీ అది కూడా తెలుగులాగా ద్రావిడ భాషే.

కథలో నెహ్మా (సోనల్ మధుశంకర్) తను కలిసి బతికిన మనిషితో విడిపోయి, ఎదిగిన కూతురినీ చంటి కొడుకునీ తీసుకుని పుట్టిన ఊరికి వస్తుంది. పిల్లలు తన దగ్గరే ఉండాలంటే సంపాదన చూపించాలి. అందుకని డేటా లేబులింగ్ పనిలో చేరుతుంది. కంప్యూటర్ మీద ఫొటో వస్తుంది. అందులో ఇది చెయ్యి, ఇది కాలు, ఇది చెట్టు, ఇది పురుగు అని గీత గీసి పేరు పెట్టాలి. ఇట్లాంటి ఫొటోలు లక్షలకు లక్షలు చూసి యంత్రం నేర్చుకుంటుంది. మనమేమో దానంతట అదే నేర్చుకుందని అనుకుంటాం.

ఈ పని కల్పన కాదు. ఫెయ్-ఫెయ్ లీ అనే శాస్త్రవేత్త బృందం 2009లో బయటపెట్టిన ఇమేజ్‌నెట్‌లో తర్వాత 1.4 కోట్లకు పైగా ఫొటోలు చేరాయి. వాటికి పేర్లు పెట్టింది 167 దేశాలవాళ్లు, దాదాపు 49 వేల మంది. వాళ్లకు పని పంచిన అమెజాన్ వెబ్‌సైటు పేరు 'మెకానికల్ టర్క్'. 1770లో ఒకాయన చదరంగం ఆడే యంత్రం అని ఒక బొమ్మను చూపించి రాజులనే అబ్బురపరిచాడు. లోపల మనిషి దాక్కుని ఆడేవాడు. ఆ బొమ్మ పేరే ఈ వెబ్‌సైటుకు పెట్టారు. పెట్టినవాళ్లకు సిగ్గు తక్కువో నిజాయితీ ఎక్కువో నాకు తేలలేదు.

సినిమాకు ప్రాణం గొంగళిపురుగు సీను. ఆకు మీద పురుగు ఫొటో వస్తుంది. దాన్ని చీడ అని గుర్తించాలి. నెహ్మా గుర్తించదు. ఆ పురుగు ఆకులో కుళ్లిన భాగాన్నే తింటుందని, దానివల్ల మొక్కకు మేలేనని ఆమెకు తెలుసు. అడవిలో చిన్నప్పటినుంచి చూసింది. కానీ పని ఇచ్చిన కంపెనీకి అది తప్పు. ఫిర్యాదు వస్తుంది, మాట పడుతుంది. ఈ సీనులో ఏడుపు లేదు, పెద్ద సంగీతం లేదు. అందుకే నాకు అంత నచ్చింది. తెలిసిన మనిషి కింద కూర్చుంది, తెలియనివాళ్లు పైన కూర్చుని దిద్దుతున్నారు.

నేను ఫోన్‌లో చూస్తుంటే నానమ్మ పక్కన చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. హిందీ ఆమెకు వస్తుంది. చెయ్యి ఆపి, "గా పిల్ల చెప్పిందే నిజం గదనే. మా బీడీలు తీసేసినట్లనే తీసేసిండ్రు" అంది.

షోలాపూర్‌లో చాలామంది ఇళ్లల్లో తెలిసిన సంగతే ఇది. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకుంటారు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. చుట్టి తీసుకుపోతే చెకింగ్‌లో కొన్ని పక్కన పడేస్తారు. వాటికి లెక్క లేదు. నానమ్మ ఊరుకోదు, అక్కడే నిలబడి కొట్లాడుతుంది. ఒక్కోసారి నాలుగు బీడీలు మళ్లీ లెక్కలోకి వస్తాయి. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టంలో తీసేసిన బీడీల తగాదా గురించి కూడా ఒక సెక్షన్ పెట్టారు. బీడీల పని మంచిదని నేను అనడం లేదు, ఆ దగ్గు నేను రోజూ రాత్రి వింటాను. కానీ నానమ్మకు కొట్లాడటానికి ఎదురుగా ఒక ముఖం ఉంది. నెహ్మా ఎవరితో కొట్లాడాలి? తప్పు అన్నవాడు ఏ దేశంలో ఉన్నాడో ఆమెకు తెలియదు.

ఇక నాకు తృప్తి కలగని చోటు. ఆదివాసీ స్త్రీ బొమ్మ గీయమంటే యంత్రం నెహ్మాలాంటి మనిషిని గీయదు. అక్కడినుంచి సినిమా మనసంతా ఒక ఆశ మీదికి పోతుంది. యంత్రం చిన్నపిల్లలాంటిది, మన ముఖాలు కూడా దానికి నేర్పితే మనల్ని గుర్తుపడుతుంది అని. అందంగా ఉంది గానీ నాకు అనుమానం. చిన్నపిల్ల పెరిగి తల్లిని చూసుకుంటుంది. ఈ పిల్ల పెరిగి ఎవరింటికి పోతుంది? 2023 జనవరిలో టైమ్ పత్రిక కెన్యా కార్మికుల గురించి రాసింది. చాట్‌జీపీటీ చెడ్డమాటలు పలకకుండా ఉండటానికి, హింసతో నిండిన రాతలు చదివి గుర్తులు పెట్టినవాళ్లు వాళ్లు. గంటకు 2 డాలర్లు కూడా రాలేదట. యంత్రం వాళ్ల దగ్గర బాగానే నేర్చుకుంది. గుర్తుపట్టడం వేరు, లెక్క కట్టి ఇవ్వడం వేరు. సినిమా మొదటిదాని మీద నిలబడినంతసేపు రెండోదాని మీద నిలబడదు.

నాకు కూడా ఆ ఆశ లేకపోలేదు. మేం ఇంట్లో మాట్లాడే తెలుగు ఫోన్‌కు అర్థం కాదు. "తెల్వది" అంటే ఇంకేదో రాస్తుంది. మరాఠీ కలిసిన మాటలైతే అసలే వద్దు. నేర్చుకుంటే బాగుండు అని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడైతే ముందు నానమ్మ అడిగేదే అడుగుతాను, వెయ్యికి ఎంత అని.

ఆమె నన్ను అడిగింది కూడా అదే. సినిమా అయిపోయాక, "గా పిల్లకు నెలకెంతొస్తదే?" అంది. చెప్పలేకపోయాను. నేనే గమనించలేదేమో అని మళ్లీ మొదటినుంచి పెట్టాను. నానమ్మ గొంగళిపురుగు దాకా చూసి, చాట పక్కకు జరిపి పడుకుంది.