తెర మారింది, సెన్సర్ సంగతేమిటి?

పడవ ఇంజను దగ్గరి పాత ముల్లు మీటర్లు పీకేసి రంగుల తెర సొంతంగా బిగించుకోవడం ఇప్పుడు తేలికే. పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో ఉండే మీరు తేంగాయ్‌తిట్టు రేవులో డీజిలు పడవలు చూసే ఉంటారు. ఆయిల్ పీడనాన్ని సెన్సర్ విద్యుత్ నిరోధంగా మార్చి పంపుతుంది. ఐరోపా రకంలో పీడనం సున్నా అయితే సుమారు 10 ఓమ్‌లు, గరిష్ఠమైతే 180. అమెరికా రకంలో అంతా తలకిందులు: సున్నాకు 240, గరిష్ఠానికి 33! ఐరోపా సెన్సర్‌కు అమెరికా అమరికతో తెర తగిలిస్తే ఏమవుతుంది? ఆయిల్ పీడనం పూర్తిగా పడిపోయినప్పుడే తెర 'నిండుగా ఉంది' అంటుంది. నడిసముద్రంలో ఇంజను పట్టేసేదాకా బొమ్మ అందంగానే ఉంటుంది. ఈ హెచ్చరికను మొదటి పేజీలో పెట్టని సూచనల పుస్తకం, ఎన్ని రంగుల బొమ్మలున్నా, నా దృష్టిలో పనికిరానిదే. మీరు బిగించేముందు ఇంజను ఆపి, సెన్సర్ తీగ విప్పి, మల్టీమీటరు పెట్టండి. 10 దగ్గరా, 240 దగ్గరా?