సంతకానికి ముందే పడిన తాళం

జోడీ కాంటర్, మేగన్ ట్వోహీ రాసిన 'షీ సెడ్' (2019) పుస్తకాన్ని గొప్ప పత్రికా పరిశోధన అన్నారు. మేమూ కాదనం. కానీ మేం దాన్ని ముస్లింలుగా చదివాం. అలా చదివితే మాకు సినీ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ కంటే రోవీనా చ్యూ ముఖ్యం.

చ్యూ బ్రిటన్‌లో పెరిగిన చైనా సంతతి మనిషి. 1998లో మిరామాక్స్ లండన్ ఆఫీసులో సహాయకురాలు. ఆ ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో వైన్‌స్టీన్ తనపై అత్యాచార ప్రయత్నం చేశాడని ఆమె చెప్పింది. అతను కాదన్నాడు. తోటి ఉద్యోగి జెల్డా పెర్కిన్స్ ఆమె పక్కన నిలబడింది. న్యాయం కోసం వెళితే ఒక కాగితం చేతిలో పెట్టి సంతకం చేయమన్నారు. ఒక్కొక్కరికి 1,25,000 పౌండ్లు, దాంతోపాటు నోటికి తాళం. ఆ ఒప్పందం ప్రతి కూడా వాళ్ల దగ్గర ఉంచుకోనివ్వలేదు. 2017లో విలేఖరి ఇంటికొచ్చేదాకా చ్యూ భర్తకే సంగతి తెలియదు.

పెర్కిన్స్ 2017లోనే ఒప్పందాన్ని ధిక్కరించింది. చ్యూ 2019 దాకా బయటికి రాలేదు. ఇద్దరి సంతకం ఒకటే. మౌనం ఒకటి కాదు. చైనా అమ్మాయిలు గుట్టు దాస్తారు కాబట్టి తనకిష్టమని అతను అన్నట్టు చ్యూ తర్వాత రాసింది. అంటే ఆమె అస్తిత్వమే మొదటి ఒప్పందం. లాయరు రాసింది రెండోది. ఆధారాల వేటలో నడిచే పుస్తకం ఈ తేడా దగ్గర ఎక్కువసేపు నిలబడదు. మేం నిలబడతాం. మా ఆడపిల్లలూ పుడుతూనే అలాంటి సంతకం చేస్తారు గనక. ఇంట్లో ఇజ్జత్ అంటారు. బయట నోరు విప్పితే 'చూశారా వీళ్ల మగాళ్లు' అని మొత్తం కౌమ్‌నే బోనెక్కిస్తారు. ఈ రెండింటి మధ్య ఆమె ఫిర్యాదు చేసేదెక్కడ?

చట్టాలు కదిలాయి. 2022 డిసెంబరులో అమెరికా తెచ్చిన స్పీక్ అవుట్ చట్టం, వివాదం రాకముందే రాయించుకున్న మౌన ఒప్పందాలు లైంగిక వేధింపుల కేసుల్లో చెల్లవంది. కానీ చ్యూ సంతకం చేసింది వివాదం తర్వాత! అలాంటి కాగితాన్ని ఆ చట్టం ముట్టుకోదు. బ్రిటన్ 2025 ఉద్యోగ హక్కుల చట్టంలో వేధింపుతోపాటు వివక్ష గురించీ నోరు కట్టే షరతులు చెల్లవని చేర్చింది. జాతి, మతం పేరిట జరిగే అవమానం కూడా అందులోకి వస్తుంది గనక మేం దీన్ని స్వాగతిస్తున్నాం.

మన దేశం సంగతి? 2013 చట్టంలోని 10వ సెక్షన్ డబ్బు ప్రాతిపదికన రాజీ కూడదంటుంది. మంచిదే. 16వ సెక్షన్ మాత్రం బాధితురాలి పేరుతోపాటు నిందితుడి పేరునీ, ఫిర్యాదులోని విషయాన్నీ బయటపెట్టొద్దంటుంది. ఆమె గుట్టు ఆమె రక్షణ. అతని గుట్టు ఎవరి రక్షణ?

మౌనం ఆమె కోరుకుంటే ఆమె హక్కు. యజమాని కొంటే అది నేరానికి ముసుగు. చట్టం ఈ గీత గీయాలి. అయితే చట్టం కాగితాన్నే చించగలదు. ఇజ్జత్ పేరిట మేం వేసిన తాళం మేమే తియ్యాలి. ఆమె మాట్లాడితే కౌమ్ పరువు పోదు. ఆమెను ఒంటరిని చేస్తేనే పోతుంది.