గోస్తనీ గట్టున గిజిగాడి పని

గిజిగాడి గూడు చూసినవాళ్లు ఎక్కువగా పూర్తయిన గూటినే మెచ్చుకుంటారు. కొమ్మకు వేలాడే ఆ పొడుగాటి ఆకారం ఎవరినైనా ఒక క్షణం నిలబెడుతుంది. నాకు మాత్రం సగం కట్టిన గూళ్లంటే ఇంకా ఇష్టం. పైన ఎండి గోధుమరంగుకు తిరిగి, కింద ఇంకా పచ్చిగా ఉండి, నడుమ పక్షి పనిలో ఉన్న గూటిలో ఏ పోచ ముందు పడిందో, ఏది తర్వాత పడిందో కంటికి తెలుస్తుంది. పనితనం అర్థం కావాలంటే అలాంటి గూటి దగ్గర ఓపిగ్గా నిలబడాలి.

విశాఖపట్నం రేవుకూ, ఉక్కు కర్మాగారానికీ ఉత్తరాన, నగరం పల్చబడే చోట గోస్తనీ నది ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో కాసేపు నిలిచి, పద్మనాభం మీదుగా తగరపువలస, చిట్టివలసలను తాకి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నగరానికి తాగునీరు ఇచ్చే ఏళ్లలో ఇదీ ఒకటి. తగరపువలస దాటాక భీమిలి వైపు వెళ్లే గట్టు మీద తాటిచెట్లు, ఈతచెట్లు, తుమ్మలు వరసగా కనిపిస్తాయి. పక్కనే వరి మళ్లు. గిజిగాడికి కావలసిన మూడూ, అంటే నార, నీరు, వేలాడే ఆకు కొసలు, ఒక్కచోటే దొరుకుతాయి. అందుకే వానాకాలంలో ఈ గట్టు వెంట ఒంటరిగా నడుస్తుంటాను.

ఆ కాలంలో ఇక్కడి వాతావరణాన్ని గంట ముందు చెప్పలేం. పొద్దున్నే ఉక్కపోత, గాలి కదలదు. కాసేపటికి పడమట కొండల మీద మబ్బు నల్లబడుతుంది. ఒక జల్లు పడి వెళ్లిపోతుంది, వెంటనే ఎండ చురుక్కుమంటుంది. జల్లు వెలిసిన వెంటనే ఏటి ఒడ్డు మేల్కొంటుంది. దుక్కి సాగే మడుల్లో ట్రాక్టరు వెనకే తెల్లకొంగలు నడుస్తాయి. నలుపు తెలుపు లకుముకి పిట్ట నీటి మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, చేప కనబడగానే నిటారుగా పడుతుంది. కరెంటు తీగ మీద పసులపోలిగాడు పురుగు కోసం కాచుకుని ఉంటుంది. వీటన్నిటి మధ్య ఎడతెగని ఒక కిచకిచ వినిపిస్తే, ఆ వైపున్న తాటిచెట్టును చూడాలి.

గిజిగాడు పిచ్చుకంత పక్షి. మిగతా కాలాల్లో ఆడదీ మగదీ పిచ్చుక రంగులోనే ఉంటాయి. గూళ్లు కట్టే కాలంలో మగపక్షి నడినెత్తి పచ్చని పసుపుకు తిరుగుతుంది, కళ్ల చుట్టూ గడ్డం దాకా ముదురు గోధుమరంగు ముసుగు వస్తుంది. గూడు కట్టేది మగదే. గుర్రం జాషువా పద్యఖండిక వల్ల ఈ పక్షి పేరు తెలుగు బడుల్లో తరతరాలుగా తెలుసు. పని తీరు మాత్రం బడి బయటే, చెట్టు కిందే చూడాలి.

మొదటి పని నార చీల్చడం. మగపక్షి వరి ఆకు మీదో తాటాకు మీదో వాలి, ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. గాటు దగ్గర అంచును పట్టుకుని ఆకు కొస వైపు ఎగురుతుంది. ఆకు ఈనెలు నిలువునా ఉంటాయి కనుక చీలిక దారి తప్పదు, అంచు పొడుగునా సమానమైన వెడల్పుతో ఒక పోచ ఊడి వస్తుంది. పోచ పొడవు సుమారు 20 నుంచి 60 సెంటీమీటర్లు. పక్షి తన ఒంటికి ఎన్నో రెట్లున్న ఆ పోచను గాల్లో ఈడ్చుకుంటూ చెట్టుకు చేరుతుంది. పచ్చి పోచనే తెస్తుంది. ఎండుపోచ మెలిపెడితే విరుగుతుంది, పచ్చిది వంగుతుంది. వంగి ముడిపడి, ఆ ముడిలోనే ఎండిపోతే ఇక సడలదు. గూటి బలం పోచ పచ్చిగా ఉన్న కొద్దిసేపట్లోనే నిర్ణయమవుతుందన్నమాట. మనకు ఉక్కపోత తెచ్చే తడిగాలి ఈ పనికి మేలే చేస్తుంది.

రెండోది ముడి. తాటాకు కొసనో ఈత మట్ట చివరనో పక్షి వాలి, పోచ ఒక కొసను కాలికింద తొక్కిపెడుతుంది. రెండో కొసను ముక్కుతో ఆకు చుట్టూ తిప్పి, ఏర్పడిన ఉచ్చులోంచి దూర్చి, అవతలి వైపుకు వచ్చి లాగుతుంది. భీమిలి ఒడ్డున వల బాగుచేసే మత్స్యకారుడు ఒక చేత్తో కన్ను పట్టుకుని, రెండో చేత్తో దారం దూర్చి బిగించినట్టే ఇదీ సాగుతుంది. పక్షికి ఆ రెండు చేతుల పనీ కాలూ ముక్కూ చేస్తాయి. గిజిగాడిలాంటి నేతపక్షుల ముడులను దశాబ్దాల పాటు పరిశీలించిన నికొలస్, ఎల్సీ కొలియస్ దంపతులు వాటిలో ఉచ్చులు, సగం ముడులు, చుట్టుముడులు, అల్లికలు వేరువేరుగా గుర్తించారు. ఇలాంటి చుట్లు పదేపదే పడి ఆకు కొస దగ్గర ఒక గట్టి కట్టు తయారవుతుంది. తర్వాత వచ్చే బరువంతా దీని మీదే. అందుకే పక్షి ఇక్కడ తొందరపడదు. నేను చూసిన గూళ్లన్నిటిలోనూ అత్యంత చిక్కగా ఉన్న భాగం ఈ కట్టే.

కట్టు నుంచి రెండు పాయలు కిందికి దిగి, కలిసి ఒక నిలువు కడియం అవుతాయి. గూటికి అసలు చట్రం ఈ కడియమే. పక్షి దాని అడుగుభాగం మీద కూర్చుని, ముక్కు అందినంత మేర పైకీ పక్కలకూ పోచలు అల్లుకుంటూ పోతుంది. కొలబద్ద లేదు, కొలతకు దాని ఒళ్లే ఆధారం. మెడ చాచితే ఎంత దూరం అందుతుందో గోడ అంత దూరాన లేస్తుంది. గూళ్లన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండటానికి ఇంతకంటే సులువైన ఏర్పాటు నాకు తోచదు.

కడియం మీద కప్పు పడి, ఇరువైపులా గోడలు కొంత దిగేసరికి గూడు హెల్మెట్ ఆకారానికి వస్తుంది. పక్షి పరిశీలకులు ఈ దశను ఆ పేరుతోనే పిలుస్తారు. కింద రెండు వైపులా తెరిచే ఉంటుంది. నడుమ, కడియం అడుగుభాగం ఒక అడ్డపట్టీగా మిగులుతుంది. ఈ పట్టీని గుర్తుపెట్టుకోవాలి, తర్వాత గూడంతా దీని మీద ఆధారపడుతుంది. ఈ దశ వరకు రావడానికి మగపక్షికి దాదాపు ఎనిమిది రోజులు పడుతుంది.

పని ఇక్కడ ఆగుతుంది. ఆడపక్షి రావాలి. చెట్టు దగ్గరకు ఆడపక్షులు వచ్చాయంటే అప్పటిదాకా ఎవరి గూటి దగ్గర వారున్న మగపక్షులన్నీ ఒక్కసారిగా గూళ్లకు వేలాడి, రెక్కలు టపటపలాడిస్తూ అరుస్తాయి. ఆడపక్షి ఒక గూట్లోకి దూరి, అడ్డపట్టీ మీద కూర్చుని, పోచలను లాగి చూస్తుంది. నచ్చకపోతే పక్క గూటికి వెళ్తుంది. ఎంపికలో అల్లిక కంటే గూడు ఉన్న చోటుకే ఎక్కువ విలువ ఇస్తుందని పరిశోధకులు గమనించారు. ఎత్తైన చోటు, సన్నని కొమ్మ దానికి నచ్చుతాయి. నాకిది సబబుగానే తోస్తుంది. ఎంత చక్కటి గూడైనా పాము చేరగల కొమ్మకు ఉంటే పిల్లలు దక్కవు. సలీం అలీ 1930లో బొంబాయి సమీపంలోని కిహీంలో ఒక గిజిగాళ్ల గుంపును రోజూ పరిశీలించి, ఈ కథను మొదటిసారి వివరంగా బయటపెట్టారు. ఆడపక్షి ఒప్పుకున్నాక మగది ఆ గూడు ముగిస్తుంది. ఆ తర్వాత ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపక్షిని పిలుస్తుంది.

ఇక రెండో విడత పని. అడ్డపట్టీకి ఒకవైపు గోడలను కిందికి దించి, లోపలికి మూసి, ఉబ్బుగా ఒక గది చేస్తుంది. గుడ్లు పెట్టేది అక్కడే. రెండోవైపు గోడలను కలిపి నిలువు గొట్టంగా కిందికి పొడిగిస్తుంది. పక్షి కిందినుంచి గొట్టంలోకి నేరుగా ఎగిరి, అడ్డపట్టీని దాటి, అవతల ఉన్న గదిలోకి దిగాలి. గది అడుగు కంటే పట్టీ ఎత్తులో ఉంటుంది. గాలికి గూడు ఎంత ఊగినా గుడ్లు దొర్లి పట్టీని దాటలేవు. మొదట తాను కూర్చునే పీటగా అల్లుకున్నది, ఆడపక్షి వచ్చినప్పుడు పరీక్షించే చోటుగా మారి, చివరకు గుడ్లను కాచే గడప అవుతుంది. ఒక్క భాగంతో ఇన్ని పనులు చేయించుకునే నిర్మాణం మనుషులు కట్టిన వాటిలోనూ అరుదు. గొట్టం అంచును మాత్రం పల్చగా, వదులుగా వదిలేస్తుంది. కాకికి కాలు మోపే ఆధారం దొరకదు. పాకివచ్చే ప్రాణికి పట్టు చిక్కదు.

గూడు ముగిసేసరికి మొత్తం 18 రోజుల వరకు పడుతుంది. మగపక్షి 500 సార్లదాకా పోచల కోసం తిరుగుతుంది.

ఒకనాటి నడకలో పని జోరుగా సాగుతుండగా పడమటి నుంచి గాలి లేచింది. ఉరుములప్పుడు తాటిచెట్ల దగ్గర ఉండకూడదు కనుక పొలంలోని మోటారు షెడ్డు చూరు కిందకు చేరాను. అక్కడ తలదాచుకున్న రైతు నన్ను చూసి, "ఏటి బాబూ, గిజిగాళ్లని సూత్తన్నారా? ఆకుమళ్లు పచ్చబడితే సాలు, వొచ్చెత్తాయి" అన్నాడు. నారును చీల్చుకుపోతే నష్టం కాదా అని అడిగాను. "కొసలే గదా బాబూ, మళ్లీ లేసొత్తాది. పిల్లలకి మా మడిలో పురుగులే ఏరుకెళ్తాయి" అన్నాడు. అది నిజం. పెద్దవి గింజలు తిన్నా, పిల్లలకు ఎక్కువగా పురుగులే పెడతాయి.

చూరు కిందనుంచి చూస్తే చెట్టు ఎంత ఆలోచించి ఎంచుకున్నదో బోధపడింది. గూళ్లలో ఎక్కువ భాగం చెట్టుకు తూర్పు వైపునే ఉన్నాయి. నైరుతి రుతుపవనపు గాలి అవతలి నుంచి కొడుతుంటే, తాటి తల దాన్ని ముందు తన మీద తీసుకుంటోంది. మట్టలు అల్లల్లాడుతున్నాయి, గూళ్లు ఊగుతున్నాయి, కట్టు దగ్గర మాత్రం కదలికే లేదు. గూడు గాలిని ఎదిరించి నిలవడం లేదు, గాలితో కలిసి ఊగుతూ దాన్ని ఖర్చు చేస్తోంది. జల్లు వాలుగా పడి కప్పు మీదనుంచి జారిపోతోంది. ద్వారం నేలవైపు ఉండటంతో చుక్క లోపలికి పోయే దారి లేదు. అక్టోబరులో వచ్చే తుపాన్ల లెక్క వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని తాకినప్పుడు పెద్దపెద్ద చెట్లే కూలిపోయాయి. అప్పటికి గిజిగాడి పని సాధారణంగా ముగిసిపోతుంది. ఈ గూడు కట్టింది నైరుతి రుతుపవనాల నాలుగు నెలల గాలివానకే.

గత ఏటి గూడొకటి మట్టతో సహా రాలి గట్టు మీద పడి ఉంటే విప్పి చూశాను. కప్పు దగ్గర గోడ దట్టంగా, అనేక పొరలుగా ఉంది. కిందికి వచ్చేకొద్దీ పలచనై, గొట్టం దగ్గర వెలుగు కనిపించేంత వదులుగా మారింది. బరువు మోయాల్సిన చోట నార ఎక్కువ, మోయనక్కర లేని చోట తక్కువ. గది అడుగున మెత్తని పోచలున్నాయి. కప్పు లోపల ఇరుపక్కలా ఎండిన మట్టి ముద్దలు అంటుకుని ఉన్నాయి. గిజిగాడు మిణుగురులను మట్టితో అతికించి గూట్లో దీపం పెట్టుకుంటుందని ఊళ్లలో చెప్పుకుంటారు. నేను విప్పిన గూట్లో ఉన్నది మట్టి మాత్రమే. తేలికైన గూడు గాలికి గిర్రున తిరగకుండా ఈ ముద్దలు బరువు నిలుపుతాయన్నది పరిశోధకులు చెప్పే కారణాల్లో ఒకటి. మట్టి అంటుకున్న చోటు చూశాక ఆ మాటకే నా మొగ్గు.

ఇదంతా పుట్టుకతో వచ్చేసే విద్య అనుకోవడం తేలిక. కొలియస్ దంపతులు చూసింది వేరు. చిన్నప్పుడు పచ్చి పోచలతో ఆడుకునే వీలు లేకుండా పెరిగిన నేతపక్షులు తర్వాత సరిగా అల్లలేకపోయాయి. 2011లో ఎడిన్‌బరో పరిశోధకులు ప్రచురించిన పరిశీలనలో, బోట్స్వానాలోని నేతపక్షులు ఒక్కో గూటికీ తమ పద్ధతిని మార్చుకుంటున్నట్టు, అనుభవం పెరిగేకొద్దీ పోచలు జారవిడవడం తగ్గుతున్నట్టు తేలింది. మన గిజిగాళ్లలోనూ పడుచు మగపక్షులు వంకరటింకరగా కొన్ని కడియాలు అల్లి వదిలేస్తాయి. గట్టు మీద ఈతచెట్లకు అలాంటివి చాలానే కనిపిస్తాయి. అవి పాడైన గూళ్లని కొట్టిపారేయకండి. రాబోయే ఏడు కప్పు వేసే పక్షి ఈ ఏడు కడియం దగ్గర చెయ్యి తిప్పుకుంటోంది.

గుడ్లు రెండు నుంచి నాలుగు, తెల్లగా ఉంటాయి. ఆడపక్షే పొదుగుతుంది, 14 నుంచి 17 రోజుల్లో పిల్లలవుతాయి. పిల్లలు ఎగిరిపోయాక ఖాళీ గూళ్లలో జినువాయి పిట్టలు చేరి రాత్రుళ్లు పడుకుంటాయి, కొన్ని అక్కడే గుడ్లు కూడా పెడతాయి. అందుకే ముచ్చటపడి గూటిని కోసుకెళ్లి హాల్లో వేలాడదీసే అలవాటు మానుకోవాలని నా మనవి. చూడాలనిపిస్తే జూన్ నుంచి సెప్టెంబరు మధ్య, పొద్దున్నే, జల్లు వెలిసిన వేళ ఏటి గట్టుకు వెళ్లండి. చెట్టుకు కాస్త దూరంగా నిలబడండి. గట్టు మీద తాటిచెట్టో ఈతచెట్టో కొట్టక తప్పని రైతులు ఆ పనిని దసరా దాటేదాకా ఆపితే, ఆ ఏటి పిల్లలన్నీ ఎగిరిపోతాయి.