చుక్కల బొమ్మయు పోతబొమ్మయు

గత వేసవిలో నా మేనల్లుడు తిమ్మాజిపేటకు వచ్చుచు రెండు ఆటయంత్రములను వెంట తెచ్చెను. ఒకటి పాత గేమ్ బాయ్, రెండవది స్విచ్. రెండింటిలోను పోకెమాన్ ఆటయే. ఒకే పక్షిని రెండింటను చూపి, "మామా, దీని కేమైనదో చెప్పుము" అనెను.

ఆ పక్షి పేరు జాటూ. సూర్యోదయమున ధ్యానము పూనినచో దినమంతయు కదలదనియు, భూతభవిష్యత్తుల నేకకాలమున చూచుననియు ఆ యాటల వర్ణనలే చెప్పుచున్నవి. 1999 నాటి ఆటలో అది ఱెక్కలు ముడిచి స్తంభమువలె నిలిచియున్నది. 2019 నాటి ఆటలో ఱెక్కలు కొట్టుకొనుచు గాలిలో తేలుచున్నది. మునీశ్వరుని కోడిపుంజుగా చేసినట్లున్నది!

పూర్వపు బొమ్మను స్ప్రైటందురు. ముగ్గువలె చుక్కలు కూర్చి తీర్చిన చదునుబొమ్మ. 1996లో జపానున వెలువడిన తొలి ఆటలలో 151 జీవులు, తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు, నాలుగే ఛాయలు. ఒక్కొక్క జీవికి 56 చుక్కల చదరమునకు మించి చోటులేదు. ఆ యిఱుకులో కన్నెచ్చట పెట్టవలెనో, తోక నెంత వంచవలెనో చిత్రకారుడే తేల్చుకొనవలసియుండెను. జంటగా వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటలలో సైతము పెక్కు జీవుల బొమ్మలు వేఱువేఱు. ఒకే నాయికను ఇద్దఱు కవులు వర్ణించినట్లు! బొద్దుగా పుట్టిన పికాచూ క్రమముగా సన్నబడినదియు ఇట్లు మఱల మఱల వ్రాయుటచేతనే. స్ప్రైట్లను తిరిగి వాడలేదని కాదు. 2010 నాటి బ్లాక్, వైట్ బొమ్మలే 2012 నాటి రెండవ జంటలోను కనబడినవి.

2013లో ఎక్స్, వై ఆటలతో స్ప్రైటు పోయి, అన్ని వైపులకు త్రిప్పదగిన త్రీడీ మోడలు వచ్చెను. అప్పటికి జీవులు 700 దాటినవి. ఇన్నింటిని ప్రతియాటకు మఱల వ్రాయు టెట్లని పనివారి పక్షమున అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. ఆ యాటలో ఎగురు జీవులకు ఆకాశయుద్ధ మను పద్ధతి యొకటి కలదు. జాటూ ఎగురుట అందుకొఱకే యని నా యూహ. తరువాతి ఆటలలో ఆ యుద్ధము లేదు; ఎగురుట మాత్రము మిగిలినది. క్షేమేంద్రుడు కావ్యమునకు జీవితమని చెప్పిన ఔచిత్యమే యిచ్చట చచ్చినది.

2019 జూనులో నిర్మాత జునిచి మసుదా, రాబోవు స్వోర్డ్, షీల్డ్ ఆటలలో అన్ని జీవులకు చోటుండదని ప్రకటించి, కదలికల నాణ్యతను ఒక కారణముగా చెప్పెను. నవంబరులో ఆట వెలువడగా, అందున్న వానిలో పెక్కు పాత మోడళ్లే, పాత కదలికలే.

మోడలుపై నాకు ద్వేషము లేదు. మన తోలుబొమ్మలాటలో ఒకే బొమ్మ ఏండ్లతరబడి ఆడుచున్నను ఎవరును విసుగుకొనరు. ప్రతిరాత్రియు దాని వెనుక ఒక చేయి, ఒక గొంతు కలవు. రాముని తోలు పాతదే. నడక మాత్రము ఆ రాత్రిది. జాటూకు లేనిది ఆ చేయి. పదునేడేండ్లుగా ఒకే నోట్సు వ్రాయించుచున్న నేను ఈ మాట అనుటకు కొంత జంకుచున్నాను; నా విద్యార్థులు నవ్వుదురు. అయినను, వందలకొలది జీవులను మఱల పోతపోయుమని కోరుటలేదు. ఒక్క పక్షిని నేలకు దింపి ఱెక్కలు ముడిపించుటకు ఎన్ని దినములు పట్టును?