కాగితం మీద నడిచిన ప్రోగ్రాములు

ఆదివారం పొద్దున్నే ఇంద్రేశంలో మా అపార్ట్‌మెంటు మిద్దె మీద నలుగురం చేరతాం. దూరంగా ఔటర్ రింగు రోడ్డు మీద లారీల చప్పుడు వినిపిస్తుంటుంది, పాశమైలారం వైపు షిఫ్టు బస్సులు పోతుంటాయి. ఫ్లాస్కులో చాయ్ ఉంటుంది. ముచ్చట ఎక్కడ మొదలైనా చివరికి పాత కంప్యూటర్ల దగ్గరికే వస్తుంది.

మాలో పెద్దాయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. అందరం సార్ అనే పిలుస్తాం. ఆయన ఫోర్ట్రాన్ నేర్చింది పంచ్ కార్డుల మీద. నన్ను అన్నా అని పిలిచే ఒకామె, ఎనిమిదో తరగతిలోనే బడిలో బీబీసీ మైక్రో ముందు కూర్చున్న మనిషి. నాది జీడబ్ల్యూ బేసిక్ తరం. నల్లటి తెర, ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ, అందులో 360 కిలోబైట్ల చోటు. నాలుగో అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు. పాశమైలారంలో యంత్రాలను నడిపే కంట్రోలర్లు, అంటే పీఎల్సీలు, చూసే టెక్నీషియన్. ఎక్కువగా వింటూ ఉంటాడు.

మా ముగ్గురి యంత్రాలు వేరు, ఏళ్లు వేరు. నేర్చుకున్న తీరు మాత్రం ఒక్కటే. ప్రోగ్రామును ముందు కాగితం మీద రాసి, కాగితం మీదే నడిపి, ఆ తర్వాతే యంత్రం దగ్గరికి పోవడం. దాన్ని డ్రై రన్ అంటారు. అదొక విద్య అనీ, ఇప్పటి పిల్లలకు తప్పక అందించాల్సిన విద్య అనీ నా నమ్మకం.

ఇంగ్లండులో ఆ తరం ప్రోగ్రామర్లను కదిలిస్తే ఇంటి జ్ఞాపకాలు చెబుతారు. 1982లో వచ్చిన సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌ను ఇంట్లో టీవీకి తగిలించి, టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి, కీచుమని అరిచే శబ్దం నుంచి ప్రోగ్రాము తెర మీదికి వచ్చేదాకా నిమిషాల కొద్దీ కాచుకుని కూర్చునేవారు. మన దగ్గర ఆ భాగ్యం కొద్దిమందిదే. హైదరాబాదు పిల్లవాడు సత్య నాదెళ్లకు వాళ్ల నాన్నగారి చలవతో బ్యాంకాక్ నుంచి ఒక సింక్లెయిర్ కిట్ వచ్చింది. ఆ సంగతి ఆయనే తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాసుకున్నారు. విదేశం వెళ్లివచ్చే మనిషి ఇంట్లో ఉంటేనే అది సాధ్యం. కంప్యూటర్ తయారీ మనకు తెలియక కాదు. హైదరాబాదులో 1967లో పుట్టిన ఈసీఐఎల్ 1969కే టీడీసీ-12 కంప్యూటర్‌ను బయటికి తెచ్చింది. అయితే అవి పరిశోధనశాలలకూ పెద్ద సంస్థలకూ పోయే యంత్రాలు. మధ్యతరగతి ఇంటి గడప తొక్కేవి కావు.

1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పేరుతో ఒక పథకం పెట్టి, మొదటి విడతలో దాదాపు 250 బడులకు బీబీసీ మైక్రోలు పంపింది. నన్ను అన్నా అనే మా చెల్లెలు చదివిన బడి అందులో ఒకటి. గుళ్లోకి పోయినట్టు చెప్పులు బయట విడిచి గదిలోకి పోవాలి. దుమ్ము పడకుండా కిటికీలకు మందపాటి కర్టెన్లు. ఒక్కో యంత్రానికి ముగ్గురు పిల్లలు, వారానికి ఒక పీరియడ్. నేను చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో కొంచెం మేలు, వారానికి రెండు గంటలు. ఆ రెండు గంటల్లోనే కరెంటు పోతే ఆ వారానికి అంతే.

మరి మిగతా రోజులు? అప్పుడు మా ఇంటి కంప్యూటర్ రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కే.

దాని పద్ధతి వివరంగా చెప్పాలి. పేజీకి ఎడమవైపు ప్రోగ్రాము రాయాలి. లైన్లకు 10, 20, 30 అని పదేసి చొప్పున అంకెలు వేయాలి. దర్జీ కుట్టులో లోపల కాస్త గుడ్డ వదిలినట్టే ఇది. రేపు ఒళ్లు పెరిగితే విప్పి కుట్టుకోవచ్చు. 20కీ 30కీ మధ్య ఏదో మరిచామని తెలిస్తే 25 వేసుకోవచ్చు. కుడివైపు స్కేలుతో నిలువు గీతలు కొట్టి, ఒక్కో చరరాశికి ఒక్కో వరస ఇవ్వాలి. ఎడమచేతి చూపుడువేలు మొదటి లైను మీద పెట్టాలి. ఆ లైను ఏం చేయమందో అది మాత్రమే చేయాలి. మనసులో ఏమనుకున్నామో అది చేయకూడదు. మారిన విలువ కుడివైపు రాసి, పాతది కొట్టేసి, వేలు కిందికి జరపాలి.

ఒకటి నుంచి పది దాకా కూడే చిన్న ప్రోగ్రాము తీసుకోండి. 10లో ఎస్ సున్నా. 20లో ఫర్ ఐ = 1 టు 10. 30లో ఎస్ = ఎస్ + ఐ. 40లో నెక్స్ట్ ఐ. 50లో ప్రింట్ ఎస్. వేలు 30కీ 40కీ మధ్య పదిసార్లు తిరిగేసరికి ఎస్ వరసలో 1, 3, 6, 10 అంటూ 55 వచ్చి నిలుస్తుంది. ఇక్కడిదాకా అందరికీ వస్తుంది. అప్పుడు సార్ అడుగుతారు, ‘ఐ ఎంత?’ అని. నూటికి తొంభైమంది పది అంటారు. అది పదకొండు. పది దాటిందని తెలియాలంటే ముందు అది దాటాలి కదా! వేలు పెట్టి నడిపినవాడు ఈ పదకొండును కళ్లారా చూస్తాడు. ఆ ఒక్కటి ఎక్కువ, ఒక్కటి తక్కువ దగ్గరే ఈనాటికీ ఎన్నో ప్రోగ్రాములు తప్పుతున్నాయి.

సార్ తరానికి కాగితం ఇంకా కఠినం. కోడింగ్ షీటులో 80 గడులు ఉండేవి. మొదటి ఐదు లేబుల్‌కు, ఆరోది పై లైను కొనసాగుతోందని చెప్పడానికి, 7 నుంచి 72 దాకా అసలు వాక్యం. చివరి ఎనిమిదింటిలో కార్డుల వరస సంఖ్య. అదెందుకంటే, కార్డుల కట్ట చేజారి కిందపడితే మళ్లీ వరసగా పేర్చుకోవడానికి. కార్డులు ఇచ్చి వస్తే ఫలితం మర్నాడు దొరికేది. ఒక్క కామా తప్పితే ఇంకో రోజు. ‘రోజుకో తప్పు చొప్పున దిద్దుకునే స్తోమత ఎవరికుంది? అందుకే ఇంట్లోనే నడిపేవాళ్లం’ అంటారాయన.

నాకు బాగా ఇష్టమైన ముచ్చట తెలుగు అక్షరాలది. బీబీసీ మైక్రోలో బొమ్మలు గీసే మోడ్‌లలో ప్రతి అక్షరమూ ఎనిమిది గడుల వెడల్పు, ఎనిమిది గడుల ఎత్తు ఉన్న చిన్న చదరం. మనకు కావలసిన బొమ్మ మనమే గీసుకుని అక్షరంగా వాడుకోవచ్చు. గళ్ల కాగితం మీద చదరం గీసి, నిండాల్సిన గడులు పెన్సిల్‌తో నింపాలి. ఎడమ నుంచి గడుల విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. అడ్డ వరసలో నిండిన గడుల విలువలు కూడితే ఒక సంఖ్య. అలా ఎనిమిది వరసలకు ఎనిమిది సంఖ్యలు. తెలుగు సున్న గీయాలంటే 60, 66, 129, 129, 129, 129, 66, 60. వీడీయూ 23 అని మొదలుపెట్టి, అక్షరం సంఖ్య 224 ఇచ్చి, ఈ ఎనిమిదీ రాస్తే తెర మీద గుండ్రటి సున్న.

సున్న వచ్చింది కదా అని మా చెల్లెలు ‘క’ గీయబోయింది. తలకట్టుకు రెండు వరసలు పోతే కింద మెలిక పట్టడం లేదు. నాలుగు చదరాలు కలిపి పదహారు గడుల అక్షరం చేసింది. అప్పుడు ఇంకో చిక్కు. సులువుగా వాడుకోవడానికి ఆ యంత్రం ఇచ్చే సొంత అక్షరాలు 32. అక్షరానికి నాలుగు చొప్పున పోతే ఎనిమిది అక్షరాలే. మన వర్ణమాల ఎక్కడ, గుణింతాలెక్కడ, వత్తులెక్కడ! పదమూడేళ్ల పిల్ల తన పేరు ఒక్కటి గీసుకుని ఆగిపోయింది. ఆగిపోయినా, తెలుగును కంప్యూటర్‌లోకి ఎక్కించడంలోని అసలు కష్టం ఆ గళ్ల కాగితం మీదే ఆమెకు ఎదురైంది. బొమ్మలు దాచుకుంటూ పోతే అంతుండదు. వర్ణాలకు సంఖ్యలిచ్చి, బొమ్మ కట్టే పని వేరేగా చూసుకోవాలి. 1991లో ప్రామాణికమైన ఇస్కీ చేసింది అదే, యూనికోడ్ చేసిందీ అదే. యూనికోడ్‌లో మన లిపికి కేటాయించిన చోటు 128 సంఖ్యలు. అందులో ‘అ’ సంఖ్య 3077. ‘క్ష’కు వేరే సంఖ్యే లేదు. క, పొల్లు, ష అని మూడు సంఖ్యలు వరసగా దాస్తే చాలు.

పొదుపు సంగతీ చెప్పుకోవాలి. బీబీసీ మైక్రోలో మొత్తం 32 కిలోబైట్లు. బొమ్మలు సన్నగా కనిపించే మోడ్ 0 పెడితే తెర ఒక్కటే 20 తినేస్తుంది. యంత్రం సొంత అవసరాలు పోను మన ప్రోగ్రాముకు మిగిలేది ఎనిమిదిన్నర. అక్షరాల మోడ్ 7లో తెరకు ఒక్క కిలోబైటు చాలు. ప్రతి పనికీ ధర ఎంతో ముందే తెలుసుకుని దిగే అలవాటు అలా వచ్చింది.

ఈ అలవాట్లన్నీ గొప్పవని నేను అనను. లైన్ల అంకెలతో వచ్చిన గోటూ, అంటే ఫలానా లైనుకు దూకమనే ఆదేశం, మా రాతలను చిక్కుపడ్డ నూలు చేసింది. గోటూ వల్ల కలిగే నష్టాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1968లోనే రాశాడు. బేసిక్ నేర్చిన పిల్లల బుద్ధి చెడిపోతుందని తర్వాత ఘాటుగానే అన్నాడు. ఫంక్షన్లుగా విడగొట్టి రాయడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది కాబట్టి ఆయన కోపంలో న్యాయముంది. అయినా బుద్ధి చెడలేదు. వేలు పెట్టి నడిపిన అలవాటు మమ్మల్ని కాచింది.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే. మన కాలేజీల్లో ఈనాటికీ ప్రోగ్రాములు చేత్తోనే రాయిస్తున్నారు, ల్యాబ్ రికార్డు పేరుతో. పైవాడి రికార్డు చూసి కిందివాడు దించుతాడు. మార్జిన్లు కొడతారు, అవుట్‌పుట్ కూడా చూసే రాస్తారు, వైవాకు బట్టీ పడతారు. కాగితం అదే, పెన్ను అదే, లోపల ప్రాణమే లేదు. కుడివైపు విలువల వరసలు లేని రాత ఎంత రాసినా అది నకలే. ఒక్క మార్పు చేస్తే చాలు. రికార్డులో ప్రతి ప్రోగ్రాము పక్కనా ఒక విలువల పట్టిక ఉండాలి, అదీ ప్రతి విద్యార్థికీ వేరే అంకెలతో. దించుకోవడానికి వీలుండదు, నడపక తప్పదు.

యంత్రమే కోడ్ రాసిపెట్టే రోజుల్లో ఇదంతా దేనికని మా పక్కింటి కుర్రాళ్లు అడుగుతారు. రాసింది ఎవరైనా, అది ఏం చేస్తుందో చదివి చెప్పగలిగే మనిషి ఒకరు కావాలి. డ్రై రన్ నేర్పేది ఆ చదవడమే. పెద్ద ప్రోగ్రామును మొత్తం కాగితం మీద నడపలేం, నిజమే. అనుమానమున్న పది లైన్లను నడపగలం. తప్పు సాధారణంగా ఆ పది లైన్లలోనే ఉంటుంది.

ఇంకో సంగతి తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. బీబీసీ మైక్రోను చేసింది ఏకార్న్ కంపెనీ. దాని బేసిక్ రాసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌తో కలిసి కొత్త ప్రాసెసర్ ఒకటి రూపొందించింది. అది 1985 ఏప్రిల్ 26న మొదటిసారి పనిచేసింది. దాని పేరు ఆర్మ్. ఇవాళ ఇంద్రేశంలో కూరగాయల బండి మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఆ వంశపు ప్రాసెసరే ఉంది.

పోయిన ఆదివారం మా టెక్నీషియన్ అబ్బాయి ఒక నోటుబుక్కు తెచ్చాడు. కన్వేయర్ మోటారుకు తను రాస్తున్న ల్యాడర్ లాజిక్. నిచ్చెన మెట్లలా అడ్డగీతలు, ఒక్కో మెట్టుకు ఒక్కో షరతు. ‘నడుస్తున్న లైను మీద టెస్ట్ చేయనీయరు సార్. అందుకే ఇట్ల రాస్కున్న’ అన్నాడు. ఎవరూ చెప్పకుండానే కుడివైపు వరసలు కొట్టి ఉన్నాయి. స్టార్ట్, స్టాప్, మోటారు. స్టార్ట్ నొక్కితే 1. బటన్ వదిలినా మోటారు 1. స్టాప్ నొక్కితే 0. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

సార్ కళ్లజోడు సవరించుకుని, పట్టిక చివర తన పెన్సిల్‌తో ఇంకో అడ్డగీత కొట్టారు. ఎడమవైపు ‘మోటారు నడుస్తుండగా కరెంటు పోయి వచ్చింది’ అని రాశారు. ‘ఇప్పుడు మోటారు ఎంత, బాబూ?’

అబ్బాయి వేలు మెట్ల మీద మెల్లగా దిగింది. మోటారుకు అతను వాడింది కరెంటు పోయినా విలువ గుర్తుంచుకునే బిట్. కరెంటు రాగానే, ఎవరూ స్టార్ట్ నొక్కకుండానే, బెల్టు దానంతటదే కదులుతుంది. ఆ సమయంలో దాని మీద ఎవరి చెయ్యైనా ఉండొచ్చు. గడిలో 1 రాసి కాసేపు దాన్నే చూశాడు. తర్వాత నా దగ్గర రబ్బరు అడిగి తీసుకుని, మూడో మెట్టు చెరిపేసి మళ్లీ గీయడం మొదలుపెట్టాడు.