ఏ కట్టె పెడితే ఆ మంట

ఆత్రేయపురం వీధుల్లో నడుస్తుంటే ఇంటి ముందు బోర్లించిన కుండ కనిపిస్తుంది. కుండ పక్కనున్న కంతలోంచి లోపల ఎండు కొబ్బరాకు మండుతుంటుంది. ఎదురుగా పీట మీద ఒక ఇల్లాలు కూర్చుంటుంది. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పలచగా కలిపిన పిండి ఆవిడ పక్కనే ఉంటుంది. అందులో పల్చటి గుడ్డ ముంచి కుండ మీదుగా ఒక్క లాగు లాగుతుంది. చుయ్యిమంటుంది. రెప్పపాటులో రేకు లేస్తుంది. ఈ పూతరేకుకే 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నా చూపు మాత్రం ఆవిడ ఎడమచేతి మీదే నిలిచింది. కాసేపటికోసారి ఆ చెయ్యి రెండు ఆకు చీలికలు కంతలోకి తోస్తుంది. మంట వంకైనా చూడదు. ఎలా తెలుస్తుందమ్మా అని అడిగితే, ‘‘చప్పుడు చెబుద్దండి. చుయ్యిమనలేదంటే ఆకెయ్యాలి. గట్టిగా అందంటే ఆగాలి’’ అంది. అక్కడ మొద్దు కట్టె పెడితే పని చెడుతుంది. కుండకు వేడి పట్టుకుని దిగదు, రేకు ఎర్రబడి విరిగిపోతుంది. ఆకు భగ్గున అంటుకుంటుంది, అంతే త్వరగా ఆరుతుంది. ఆ తేలికైన మంటే రేకుకు కావాలి.

ఆరుబయట వంటంతటికీ మూలం ఇదేనని నా నమ్మకం. గ్యాసు పొయ్యికి మీట ఉంది. కట్టెల పొయ్యికి ఏ పుల్ల పెడతాం, ఎంతసేపు ఉంచుతాం అన్నదే మీట. కోనసీమలో ఇందుకు కొబ్బరిచెట్టు ఒక్కటి చాలు. ఆకు రాజేయడానికి, మట్ట ఎసరు మరగడానికి. డొక్క మెల్లగా రాజుకుంటూ చాలాసేపు సన్నసెగ ఇస్తుంది. చిప్ప కాలితే గట్టి నిప్పులవుతాయి.

కార్తీకమాసం వస్తే ఈ విద్యకు పరీక్ష. ఉసిరిచెట్టు ఉన్న తోట చూసుకుని వనభోజనాలకు బయలుదేరతారు. పదిమందికైతే మూడు రాళ్లు చాలు. వందమందికి వండాలంటే గాడిపొయ్యి తవ్వాలి. గాడి నోరు గాలి వచ్చే దిక్కుకు ఉండాలి. గాడి వెడల్పు గుండిగ అడుగుకన్నా తక్కువుండాలి, లేకపోతే గుండిగ ఒరుగుతుంది, మంట పక్కలకు ఎగజిమ్ముతుంది. పొయ్యి ఎక్కించే ముందు గుండిగ అడుగున తడిమట్టి పూస్తారు. ఆ పూతుంటే మసి మట్టికే అంటుతుంది, తోమేటప్పుడు మట్టితోపాటు ఊడిపోతుంది.

ఎక్కువమందికి అత్తెసరు పనికిరాదు, గంజి వార్చాల్సిందే. మెతుకు నలిపితే నడుమ చిన్న పలుకు తగులుతుండగానే వార్చి, కట్టెలన్నీ బయటకు లాగి, ఉన్న నిప్పుల్లో కొన్ని మూత మీదకు ఎత్తుతారు. అక్కడినుంచి మంటతో పనిలేదు. అన్నం తనంతట తాను ఉమ్మగిల్లుతుంది. ఈ కాస్త ఆగడం చేతకాకే ఎన్నో వంటలు పాడవుతాయి. ఒక ఏడాది వంట నా చేతికిచ్చారు. వానకు తడిసిన మామిడి కట్టె పెట్టాను. గంటసేపు పొగే. ఆ కంగారులో ఎండుమట్టలు ఒక్కసారిగా ఎగదోశాను. పైన పలుకు, అడుగున మాడు. పెద్దలెవరూ ఒక్క మాట అనలేదు. ఆ అన్నమే అరిటాకుల్లో వడ్డించుకుని, కందబచ్చలి కూర కలుపుకుని తిన్నారు. మరుసటి ఏడు కట్టెలు వారం ముందే నేనే ఎండబెట్టాను.

పడవ మీద వంట ఇంకా కష్టం. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక (1847-52) డెల్టా కాలువలు సాగునీటితోపాటు పడవలకూ దారయ్యాయి. ఆత్రేయపురం మండలంలోని బొబ్బర్లంక నుంచి అమలాపురం కాలువ మీదుగా గూటిపడవలు తిరిగిన రోజుల్లో సరంగుల తిండి పడవలోనే. చెక్క మీద నిప్పు పెట్టకూడదు కనుక ఇసుక పరిచి దానిమీద మట్టిపొయ్యి ఉంచాలి. ఆ ఇసుకే ఊగే పొయ్యికి కుదురు, నిప్పురవ్వ పడితే ఆర్పేదీ అదే. కాలువల్లో ఆ పడవలు పోయాయి గానీ, పడవలోనే కాపురముండే జాలరి కుటుంబాలు గోదావరి మీద ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లు చేపల పులుసు దాకలో పెడతారు. ముక్క వేశాక గరిటె పెట్టరు, ముక్క చితికిపోతుంది. మసిగుడ్డతో దాక అంచులు పట్టి ఒక్క కుదుపు కుదుపుతారు. పులుసు ముక్కల చుట్టూ తిరిగి మళ్లీ సర్దుకుంటుంది. చింతపండు పులుసు సన్నసెగ మీద దగ్గరపడుతుంటే గట్టున ఉన్నవాళ్లకూ వాసన తెలుస్తుంది.

పొగ కళ్లను మండిస్తుంది, ఊపిరిని పట్టేస్తుంది. రోజంతా కుండ ముందు కూర్చునే ఆడవాళ్లకు అది నెలకో పూట సరదా కాదు, బతుకు. రేకు పెట్టెకు మనమిచ్చే ధరలో ఆ ఎడమచేతి పనికి ఎంత దక్కుతోందో నాకెప్పుడూ గుచ్చుకుంటూనే ఉంటుంది. పొగ పైకి పోయే గొట్టం, గాలి ఆడే వసారా ప్రతి రేకుల ఇంటికీ ఉండాలి.

మొన్న కార్తీకంలో భోజనాలయ్యాక పిల్లలు ఇంటికి రామన్నారు. ఒక తాతగారు తేగలు కుండలో కుక్కి, నేలమీద బోర్లించి, చుట్టూ పిడకలు, ఎండాకులు పేర్చి తంపటి వేశారు. మళ్లీ బోర్లించిన కుండే. చీకటి పడేదాకా పిల్లలంతా దాని చుట్టూ కూర్చున్నారు. కుండ ఎత్తగానే వచ్చిన ఆవిరికి ముఖాలు వెనక్కి లాక్కుని, వేడివేడి తేగల కోసం మళ్లీ చేతులు చాచారు.