‘మనం’ నుంచి ‘నువ్వు’ దాకా

ప్రేమ చెడిన పాట వ్యక్తిగతమనీ, సమ్మె మీద పాట సామాజికమనీ మనలో చాలామందికి ఒక స్థిరాభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయం నాకూ ఉండేది. అది ఎంత తొందరపాటో అమెరికా నల్లజాతి గాయని ట్రేసీ చాప్‌మన్ పాట ‘ఫాస్ట్ కార్’ నాకు తెలియజేసింది.

పాటకు ముందు ఒక టేపు సంగతి చెప్పాలి. చాప్‌మన్ 1964లో క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. తల్లి పెంపకంలో పెరిగింది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో అక్కడి విద్యార్థుల రేడియో కేంద్రంలో కొన్ని పాటలు డెమోగా రికార్డు చేసింది. డెమో అంటే కవి చిత్తుప్రతి వంటిది. అంగడికి పోయే సరుకు కాదు. తోటి విద్యార్థి బ్రయన్ కోపెల్‌మన్ ఆ కేంద్రంలోని టేపుకు నకలు తీసి, సంగీత వ్యాపారంలో ఉన్న తన తండ్రికి వినిపించాడు. ఆ టేపులో ఉన్నది విప్లవాన్ని గురించిన పాట. 1988లో వెలువడిన ఆమె తొలి ఆల్బంలో అదే మొదటి పాట. దాని వెనకనే రెండవది ‘ఫాస్ట్ కార్’. విప్లవ గీతం పక్కన ఒక చెడిన కాపురం పాట! ఈ వరుస నాకు అర్థవంతంగా తోస్తుంది.

కథ చిన్నది. తండ్రి తాగుబోతు, తల్లి అతణ్ణి విడిచి వెళ్లింది. తండ్రిని చూసుకోవడానికి కూతురు చదువు మానింది; అంగట్లో పనిచేసి నాలుగు డబ్బులు కూడబెట్టింది. ప్రియుడికి ఒక కారుంది. ఇద్దరూ నగరానికి పోతారు. ఆమెకు దుకాణంలో బిల్లుల దగ్గర కొలువు దొరుకుతుంది, అతడికి దొరకదు. ఏళ్లు గడుస్తాయి. పిల్లలు పుడతారు. ఇల్లు ఆమె జీతం మీద నడుస్తుంది. అతడు స్నేహితులతో తాగుతూ కాలం గడుపుతాడు. ఏ బతుకు నుంచి పారిపోయిందో ఆ బతుకే మళ్లీ ఆమె గడపలో నిలిచింది.

దీన్ని నా తరగతిలో వినిపించినప్పుడు ఒక విద్యార్థిని అడిగింది: “చివర్లో ఆమె వెళ్లిపోతోందా, అతణ్ణి పంపేస్తోందా, సార్?” ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నే.

పాట మొదట్లో వెళ్లడమా, ఇక్కడే బతికి చావడమా అన్న నిర్ణయం ఇద్దరిదీ. చివర ఆ నిర్ణయమే అతడి ఒక్కడి ముందు పెడుతుంది. ఇంగ్లీషులో ‘మేము’కూ ‘మనం’కూ ఒకటే మాట, తెలుగు చేసేవాడు ఎంచుకోక తప్పదు. నేను సందేహించకుండా ‘మనం’ అంటాను, ఎందుకంటే వింటున్నవాణ్ణి కలుపుకొన్న మాట అది. ఆ ‘మనం’ చివరికి ‘నువ్వు’గా విరిగిపోతుంది. ఈ ఒక్క సర్వనామం మార్పులోనే కాపురం కూలిన చప్పుడు వినిపిస్తుంది. గిటారు వరస మాత్రం మొదటి చరణంలో ఎలా ఉందో చివరి చరణంలోనూ అలాగే ఉంటుంది. బతుకు మారలేదని మాట చెప్పకముందే తీగ చెబుతుంది. శిల్పం వస్తువుకు సేవ చేయడమంటే ఇదే.

ఒక మిత్రుడు ఆక్షేపించాడు: “ఇందులో సంఘం ఎక్కడ? పోరాటం ఎక్కడ?” ఆక్షేపణలో నిజం లేకపోలేదు. ఆమె పక్కన తోటి పనివాళ్లు కనిపించరు. దారి కూడా ఒంటరిదే. కాని ఆ ఒంటరితనాన్ని పాట కీర్తించడం లేదు, లెక్క చెబుతోంది. అతణ్ణి పొమ్మనే ధైర్యం ఆమెకు జీతం ఇచ్చింది. పిల్లలూ బిల్లులూ మాత్రం ఆమె మీదే మిగిలాయి. చలం ‘మైదానం’లో రాజేశ్వరి వకీలు భర్తను విడిచి అమీర్ వెంట వెళ్లినప్పుడు మన చూపు దేహస్వేచ్ఛ మీద నిలుస్తుంది. ఆ సాహసం సామాన్యమైంది కాదు. ఇక్కడ మాత్రం స్వేచ్ఛకు కూలి రేటు ఎంతో కూడా తెలుస్తుంది.

1988 జూన్ 11న, నెల్సన్ మండేలా ఇంకా చెరలో ఉండగా, ఆయన డెబ్బయ్యవ పుట్టినరోజు సభ లండన్ వెంబ్లీ మైదానంలో జరిగింది. స్టీవీ వండర్ సంగీత సామగ్రిలో ఒక భాగం కనబడకపోవడంతో, ఒకసారి పాడి వెళ్లిన చాప్‌మన్‌ను మళ్లీ వేదిక ఎక్కించారు. ఒక గొంతు, ఒక గిటారు; ఆమె పాడింది ఈ పాటే. 2023లో లూక్ కోంబ్స్ అనే తెల్లజాతి గాయకుడు మళ్లీ పాడాడు. దుకాణంలో పనిచేసే అమ్మాయి మాటను పురుషుడికి అనువుగా మార్చకుండానే పాడాడు. ఆ ఏడు అమెరికా కంట్రీ సంగీత సంఘం ఉత్తమ గీత పురస్కారం చాప్‌మన్‌కు వచ్చింది. నల్లజాతి రచయితకు అది దక్కడం అదే మొదలు. పాట రాసిన ముప్ఫై అయిదేళ్లకు పైగా గడిచినా ఆ అమ్మాయి బతుకు పాతబడలేదన్నమాట. పాటకు అది గౌరవమే, సమాజానికి కాదు.

ఆ విద్యార్థినికి నా సమాధానం ఇది. ఆమె ఎక్కడికీ వెళ్లడం లేదు, అతణ్ణే పొమ్మంటోంది. వెళ్లడానికి కారుంటే చాలు. నిలబడడానికి ఇల్లు కావాలి, జీతం కావాలి, పిల్లల్ని చూసే మరో చెయ్యి కావాలి. మొదటి రెండూ ఆమె సంపాదించుకుంది. మూడవది ఒక్క మనిషి సంపాదించుకునేది కాదు. ఆ పాట పక్కన విప్లవ గీతం ఎందుకుండాలో నాకు అక్కడ అర్థమైంది.